ఎండమీద పడిన నింద - వేసవి చర్మవ్యాధుల చరిత్ర

చైత్రము దాటి వైశాఖము ప్రవేశించు సరికి తెలంగాణ పీఠభూమిలో ఎండలు ముదురును. హైదరాబాదునందు మే మాసపు పగటి ఉష్ణోగ్రత సాధారణముగా 39, 40 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమున ఉండును. 1966 జూన్ 2వ తేదీన అది 45.5 డిగ్రీల వరకు పెరిగినది. నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారము ఒకప్పుడు చెరువులు, పొలములు గల గ్రామములు. గత శతాబ్దపు ఉత్తరార్ధమున అవి కార్ఖానాల పేటలుగా మారినవి. రేకుల కప్పుక్రింద పనిచేయు కార్మికులు, కాంక్రీటు ఇండ్లలో కాపురముండు కుటుంబములు, క్రిక్కిరిసిన తరగతి గదులలో కూర్చుండు విద్యార్థులు, వీరందరకును వేసవి తెచ్చు బాధలలో చర్మవ్యాధులను ముందుగా చెప్పవలెను. చెమటకాయలు, సెగగడ్డలు, తామర, ఎండకు కమలుట - ఇవి ఎరుగని ఇల్లు లేదు.

ఇవి వచ్చినపుడు "ఎండవలన వచ్చినది", "వేడిచేసినది" అని సరిపెట్టుకొనుట మన వాడుక. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఎండను ఆపుట ఎవరి తరము? కారణము ఎండయే యైనచో నివారణకు దారియే లేదు. చరిత్రను పరిశీలించినచో వేరు సంగతి తెలియును. వేసవి చర్మవ్యాధులలో ఒక్కొక్కదానికి లోకము మొదట ఎండనో, ఆహారమునో, ఇతరులనో నిందించినది. అసలు కారణము బయటపడిన తరువాతనే నివారణ మార్గము దొరకినది. ఈ చరిత్రలోని ఒక ముఖ్యమైన అధ్యాయము ఉప్పల్, నాచారముల పొరుగుననే, తార్నాకలోని పోషకాహార పరిశోధనశాలలో నడచినది. దానికి వచ్చుటకు ముందు, ప్రతి ఇంటను కనిపించు చిన్న వ్యాధులతో ప్రారంభింతము.

చర్మము చేయు పని

మానవ చర్మమున సుమారు 20 లక్షలనుండి 40 లక్షల వరకు చెమట గ్రంథులు కలవు. ఒక్కొక్క గ్రంథి చర్మపు లోపొరలో దారపు ఉండవలె చుట్టుకొని యుండును. దానినుండి సన్నని నాళమొకటి పైకి వచ్చి చర్మముపై రంధ్రముగా తెరచుకొనును. శరీరపు లోపలి ఉష్ణోగ్రత దాదాపు 37 డిగ్రీలు. చుట్టునున్న గాలి అంతకంటె చల్లగా నున్నంతవరకు శరీరము తన వేడిని గాలికి ఇచ్చివేయగలదు. గాలి 40 డిగ్రీలకు చేరినపుడు వ్యవహారము తలక్రిందులగును; గాలియే శరీరమునకు వేడినిచ్చును. అట్టి సమయమున మనలను కాపాడునది చెమట ఒక్కటియే.

చెమట కారుటచే శరీరము చల్లబడదు; చెమట ఆవిరియగుటచే చల్లబడును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి యైనచో శరీరమునుండి సుమారు 580 కిలో కాలరీల వేడిని తీసికొనిపోవును. ఆవిరి కాకుండ నేలపై బొట్లుగా రాలిన చెమటవలన ఉప్పు, నీరు నష్టమగుటయేగాని లాభము లేదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. రెండు ఉష్ణమాపకముల బుడ్లకు తడిగుడ్డ చుట్టి, ఒకదానిని గాలికి విడిచి, రెండవదానిని పాలిథిన్ సంచిలో బిగించి కట్టవలెను. కొన్ని నిమిషములలో మొదటిదానియందు పాదరసము దిగిపోవును. రెండవదానియందు అంతగా దిగదు. బిగుతైన కృత్రిమ నూలు చొక్కా తొడిగిన శరీరపు స్థితి ఆ రెండవ ఉష్ణమాపకము వంటిదే.

హైదరాబాదు వేసవి చాలవరకు పొడి వేసవి. వడగాలిలో చెమట తొందరగా ఆరిపోవును. అయినను గాలి ఆడని గదులలోను, రేకుల షెడ్లలోను, జనసమ్మర్దమున్న చోటులలోను మనుష్యుల చెమటవలననే గాలి తేమ యగును. జూన్ మాసమున నైరుతి పవనములు సమీపించినపుడు నగరమంతటను తేమ హెచ్చును. చెమట పోయుచుండును గాని ఆరదు. చెమటకాయలకు అనువైన కాలమిదియే.

చెమటకాయలు

ఐరోపావారు వ్యాపారమునకును, యుద్ధములకును ఉష్ణదేశములకు వచ్చిన నాటినుండి ఈ వ్యాధి వారి వైద్యగ్రంథములలో కెక్కినది. 1806లో సికింద్రాబాదు దండు ఏర్పడిన కాలమున భారతదేశమునందలి ఆంగ్ల సైనికులకు ఇది ఏటేట తప్పని బాధ. అప్పటి వైద్యులలో పలువురు దీనిని వ్యాధిగా తలపక, ఆరోగ్యచిహ్నముగా నెంచిరి. లోపలి దుష్టరసములు చర్మము ద్వారా బయటికి పోవుచున్నవనియు, చల్లని నీటిచే వాటిని అణచినచో అవి లోనికి పోయి ప్రాణాపాయము కలిగించుననియు నమ్మిరి. కావున వేడివేడి పానీయములు త్రాగించి పొక్కులను ఇంకను పైకి రప్పించెడివారు. మన పల్లెలలోను "లోపలి వేడి బయటికి పోవుచున్నది, పోనిండు" అను మాట వినబడుచునే యున్నది.

నౌకాదళ వైద్యుడుగా భారతదేశమునకు వచ్చిన జేమ్స్ జాన్సన్ తానును ఈ బాధ ననుభవించి, 1810 దశకమున ఉష్ణదేశముల శీతోష్ణస్థితిని గూర్చి వ్రాసిన గ్రంథమునందు ఈ నమ్మకమును విమర్శించెను. పొక్కులు మాయమగుటచే కీడు మూడునను మాట పొరపాటని ఆయన చెప్పెను. కాని పొక్కులు ఏల వచ్చునో తెలియుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది.

రెండవ ప్రపంచ యుద్ధములో లక్షలాది సైనికులు పసిఫిక్ దీవులలోను, బర్మా, భారతదేశములలోను పోరాడవలసి వచ్చినది. వారిలో కొందరు చెమటకాయలు తగ్గిన కొన్నాళ్ళకు ఎండలో పనిచేయలేక సొమ్మసిల్లిపోవుట వైద్యులు గమనించిరి. వారి శరీరమును పరీక్షింపగా ముఖమున చెమట ధారలుగా కారుచుండెను గాని, ఛాతీ, వీపు పొడిగా నుండెను. 1946లో అమెరికా చర్మవైద్యుడు మేరియన్ సల్జ్‌బెర్గర్, ఆయన సహచరులు, 1947లో ఆస్ట్రేలియాకు చెందిన ఓబ్రియన్ దీని రహస్యమును వివరించిరి. చర్మపు పైపొరలోని కెరటిన్ అను పదార్థము ఉబ్బి, బిరడావలె చెమట నాళపు నోటిని మూసివేయుచున్నది. క్రిందనున్న గ్రంథి చెమటను తయారుచేయుచునే యుండును. దారిలేని ఆ చెమట నాళమును చీల్చుకొని చుట్టుప్రక్కల కణజాలములోనికి చొచ్చుకొనిపోవును. ఆ చోట ఎర్రని పొక్కు, సూదులతో గ్రుచ్చినట్లు మంట కలుగును.

అనగా చెమటకాయ లోపలి వేడి బయటికి పోవు ద్వారము కాదు. ఆ ద్వారము మూసికొనిపోయినదనుటకు గుర్తు! పాత నమ్మకమునకు ఇది సరిగా వ్యతిరేకము. మూసికొనిన రంధ్రము పొక్కు మానిన వెంటనే తెరచుకొనదు. పైపొర రాలిపోయి క్రొత్త పొర వచ్చువరకు, సుమారు రెండు మూడు వారములు, ఆ గ్రంథి పనికిరాదు. శరీరమున ఎక్కువ భాగము ఇట్లు మూసికొనినచో చల్లబరచు యంత్రమే ఆగిపోవును. పసిపిల్లల విషయమునను, బట్టీల దగ్గర పనిచేయువారి విషయమునను చెమటకాయలను చిన్నచూపు చూడరాదనుటకు కారణమిదియే.

బిరడా ఏల ఏర్పడును? 1978లో హొల్ట్‌సెల్, క్లిగ్‌మన్ అను శాస్త్రజ్ఞులు మనుష్యుల చర్మమునకు ప్లాస్టిక్ పొర చుట్టి ఉంచి చూచిరి. తడి నిలిచిన చోట చర్మముపై సహజముగా నుండు బాక్టీరియాలు విపరీతముగా పెరిగినవి. అవి పెరిగిన కొలది చెమట పోయుట తగ్గినది. బాక్టీరియాలను అణచు ఔషధమును ముందుగా పూసిన చోట రంధ్రములు మూసికొనలేదు. 1995లో జరిగిన పరిశోధనలు, స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అను బాక్టీరియాలో కొన్ని రకములు తయారుచేయు జిగురుపదార్థము ఈ అడ్డంకికి తోడ్పడునని తెలిపినవి. కాబట్టి ఇచ్చట మొదటి దోషి ఎండ కాదు. ఆరకుండ నిలిచిపోయిన చెమట.

సెగగడ్డలు, మామిడిపండు

చెమటకాయలను గోళ్ళతో గీరినపుడు చర్మము చిట్లును. ఆ గాటులలో మరియొక బాక్టీరియా ప్రవేశించును. 1880 ప్రాంతమున స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీముగడ్డలనుండి తీసిన చీమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ద్రాక్షగుత్తులవలె గుమిగూడియున్న గుండ్రని జీవులను కనుగొనెను. 1882లో వాటికి స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టెను. వేసవిలో వచ్చు సెగగడ్డలలో అధికభాగమునకు కారణము ఈ జాతిలోని స్టెఫైలోకాకస్ ఆరియస్ అను బాక్టీరియాయే.

కాని మన ఇండ్లలో ఈ నేరము మామిడిపండుమీద పడినది. మామిడిపండ్లు వచ్చు కాలము, సెగగడ్డలు వచ్చు కాలము ఒకటే యగుటచే ఒకటి రెండవదానికి కారణమని తోచుట సహజము. రెండు సంగతులు ఒకే కాలమున జరిగినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కానేరదు. విద్యార్థులు విజ్ఞానశాస్త్రమున మొట్టమొదట నేర్వవలసిన జాగ్రత్తలలో ఇది యొకటి. పండు గుజ్జు గడ్డలను పుట్టించదు.

అయినను ఈ నింద వెనుక ఒక చిన్న సత్యము దాగియున్నది. మామిడికాయ తొడిమనుండి కారు సొనలో చర్మమును మండించు రసాయనములు కలవు. కడగని పండును నోటితో కొరికి చీకు పిల్లలకు పెదవులచుట్టు, బుగ్గలమీద పొక్కులు లేచుట ఈ సొనవలననే. తొడిమ కోసి, పండ్లను కొంతసేపు నీటిలో నానవేసి, కడిగి తినుట మన పెద్దల అలవాటు. వారు కారణమును వేరుగా చెప్పినను, ఆచారము మాత్రము మేలైనది. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే వృక్ష కుటుంబమునకు చెందినవి. వీటిలో నల్లజీడి కథ మరింత విచిత్రమైనది.

చాకిరేవుపై మోపిన నేరము

తొడల సందున, నడుముచుట్టు, చంకలలో గుండ్రముగా వ్యాపించి దురద పెట్టు తామర వేసవిలోను, వానలు మొదలైన తరువాతను విజృంభించును. భారతదేశమున నున్న ఆంగ్లేయులు దీనికి "ధోబీ దురద" అని పేరు పెట్టిరి. మురికినీటిలో బట్టలుతుకుటచే రజకులే ఈ వ్యాధిని ఇంటింటికి చేర్చుచున్నారని వారి నమ్మకము. ఈ పేరు వైద్యగ్రంథములలోనికి సయితము ప్రవేశించి చాలకాలము నిలిచినది.

నిజమునకు తామర ఒక శిలీంధ్రమువలన, అనగా బూజుజాతి జీవివలన కలుగును. 1840 ప్రాంతముననే షోన్‌లైన్, గ్రూబీ అను వైద్యులు తలలో వచ్చు ఒక చర్మవ్యాధికి శిలీంధ్రము కారణమని చూపిరి. ఇరువదవ శతాబ్దారంభమున సింహళములో పనిచేసిన కాస్టెల్లానీయు, పారిస్ నగరమున సబురోయు తొడల తామరను కలిగించు శిలీంధ్రమును వర్ణించిరి. ఈ జీవి కెరటిన్‌ను తిని బ్రతుకును. వెచ్చదనము, తడి దానికి ప్రీతి. చర్మము చర్మమును తాకుటవలనను, తువాలు, లోదుస్తులు, పడక బట్టలు ఒకరివి మరియొకరు వాడుటవలనను అది వ్యాపించును. చవుటి నీటిలో నానబెట్టి, ఆవిరికి ఉడికించి, బండకు బాది, మండుటెండలో ఆరవేయు మన రజకుల పద్ధతి శిలీంధ్రమును నశింపజేయునదేగాని పెంచునది కాదు. వ్యాధిని కడిగివేయువారి నెత్తినే వ్యాధి నేరమును మోపిరన్నమాట!

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ నిందకు మరియొక సంఘటన తోడైనది. భారతదేశమునందలి అమెరికా సైనికులలో కొందరికి మెడవెనుకను, నడుము దగ్గరను బొబ్బలతో కూడిన దద్దురు లేచినది. 1943లో లివింగుడ్, రోజర్స్, ఫిట్జ్ హ్యూ అను వైద్యులు పరిశోధించి, దద్దురు లేచిన చోట చొక్కామీద చాకలి గుర్తు ఉండుట కనుగొనిరి. ఆ గుర్తు వేయుటకు వాడినది నల్లజీడి గింజల రసము. ఈ నల్లజీడి చెట్లు దక్కను అడవులలో విరివిగా పెరుగును. దీని రసపు మచ్చ ఎన్ని ఉతుకులకును పోదు. ఆ రసములోని భిలావనాల్ అను పదార్థము అమెరికా అడవులలోని విషపుతీగె రసమునకు దగ్గరి బంధువు. ఆ తీగెను తాకి, చర్మము దానికి అలవాటుపడి వచ్చిన సైనికులకు ఇచ్చటి గుర్తు తగిలినంతనే దద్దురు లేచినది. ఇది తామర కానే కాదు. స్పర్శవలన కలుగు మంట. ఒకే పేరు క్రింద రెండు వేరు వ్యాధులను కలిపివేయుట ఎంత పొరపాటో ఈ సంఘటన తెలుపుచున్నది.

తామరకు మందుల చరిత్రయు గమనింపదగినదే. ఇరువదవ శతాబ్దారంభమున ఇంగ్లండు వైద్యుడు ఆర్థర్ విట్‌ఫీల్డ్ బెంజాయిక్, శాలిసిలిక్ ఆమ్లములతో చేసిన లేపనము పేదలకు దశాబ్దములపాటు ఉపకరించినది. 1939లో కనుగొనిన గ్రిసియోఫుల్విన్ 1958 తరువాత నోటిమందుగా వాడుకలోనికి వచ్చెను. తరువాత మరింత మేలైన మందులు వచ్చినవి. అయినను నేడు భారతదేశమున తామర మునుపటికంటె మొండిదైనది. దీనికి ముఖ్య కారణములలో ఒకటి, వైద్యుని సలహా లేకుండ స్టెరాయిడ్ కలిసిన లేపనములను వాడుట. చెమటకాయల రహస్యమును వివరించిన సల్జ్‌బెర్గరే 1952లో విట్టెన్‌తో కలిసి హైడ్రోకార్టిసోన్ లేపనమును చర్మవైద్యమునకు పరిచయము చేసెను. గజ్జి కాని, శిలీంధ్రము కాని లేని కొన్ని వాపువ్యాధులలో అది వరప్రసాదము. తామరపై పూసినచో దురద రెండు దినములలో అణగును; కాని చర్మపు రోగనిరోధకశక్తియు అణగుటచే శిలీంధ్రము లోలోపల విస్తరించును. ఇట్టి లేపనములలో పలు రకములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని 2018లో భారత ప్రభుత్వము నియమము చేసినది. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపొందిన శిలీంధ్రములో టెర్బినఫిన్ అను ప్రసిద్ధ ఔషధమునకు లొంగని రకములు వ్యాపించుచున్నవి. దానికి మన దేశపు పేరే వచ్చుట మనకు హెచ్చరిక.

ఎండ చూపిన మచ్చ, అన్నములోని లోటు

ఇంతవరకు చెప్పిన వ్యాధులలో ఎండకు సాక్షాత్తుగా పాత్ర లేదు, చెమటకు కలదు. ఇక ఎండ తగిలిన చోటనే వచ్చు వ్యాధిని చూతము. ముంజేతుల వెనుకభాగమున, పాదములమీద, మెడచుట్టు హారము వేసినట్లు చర్మము నల్లబడి, గరుకై, పొలుసులుగా ఊడును. శరీరమున రెండువైపులను ఒకే తీరుగా నుండును. దుస్తులు కప్పిన చోట చర్మము మామూలుగా నుండును. చూచిన వారెవరైనను ఇది ఎండదెబ్బ యనియే అందురు. దీనితోపాటు నోటిపూత, విరేచనములు, తుదకు మతిభ్రమణము కలుగును. ఇది పెల్లగ్రా.

1735లో స్పెయిను దేశమున గాస్పర్ కసాల్ అను వైద్యుడు పేద రైతులలో దీనిని గుర్తించెను. మెడచుట్టు వచ్చు మచ్చకు నేటికిని కసాల్ హారమని పేరు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రపోల్లి దీనికి గరుకు చర్మమను అర్థమిచ్చు పెల్లగ్రా అను పేరు పెట్టెను. ఎండయే దీనికి కారణమని ఆ కాలమున పలువురు తలచిరి. తరువాత బూజుపట్టిన మొక్కజొన్న అనిరి, అంటువ్యాధి అనిరి. 1914లో అమెరికా ప్రభుత్వము జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌ను దీని పరిశోధనకు నియమించెను. అనాథాలయములలో పిల్లలకు పాలు, మాంసము, పప్పులు పెట్టగా వ్యాధి పోయినది. 1915లో మిసిసిపీలోని ఒక చెరసాల క్షేత్రమున విడుదలకు ఆశపడి సమ్మతించిన పదునొకండుగురు ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన ఆహారము మాత్రమే పెట్టగా ఆరుగురికి వ్యాధి వచ్చినది. అంటువ్యాధి కాదని రుజువుచేయుటకు ఆయనయు, ఆయన సహచరులును రోగుల రక్తమును తమ శరీరములలోనికి ఎక్కించుకొనిరి. ఎవరికిని వ్యాధి రాలేదు. 1937లో ఎల్వెజెమ్, నికోటినిక్ ఆమ్లము, అనగా నియాసిన్ అను విటమిను కుక్కలలో ఇట్టి వ్యాధిని కుదుర్చునని చూపెను. శరీరము ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లమునుండి కూడ నియాసిన్‌ను కొంత తయారుచేసికొనగలదని 1945 నాటికి తెలిసినది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. అందలి నియాసిన్ జీర్ణము కాని రూపమున బంధింపబడియుండును. చిక్కుముడి విడినట్లే తోచినది.

హైదరాబాదు ప్రాంతమునకు వచ్చుసరికి ముడి మరల బిగిసినది. 1918లో మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన పరిశోధనశాల 1928లో పోషకాహార పరిశోధనశాలలుగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెంత తార్నాకలో స్థిరపడినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. అచ్చటి శాస్త్రజ్ఞులకు దక్కను పల్లెలనుండి వచ్చు పెల్లగ్రా రోగులు కనబడిరి. వీరు మొక్కజొన్న తినువారు కారు. జొన్నరొట్టె, జొన్నగటక తిని బ్రతుకు వ్యవసాయ కూలీలు. జొన్నలోని నియాసిన్ వరిలోని దానికి తీసిపోదు. ట్రిప్టోఫాన్ సయితము మొక్కజొన్నలో వలె తక్కువ కాదు. అట్లయినచో వ్యాధి ఏల?

1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య లాన్సెట్ పత్రికలో ఒక సమాధానమును ప్రకటించిరి. జొన్న మాంసకృత్తులలో ల్యూసిన్ అను అమైనో ఆమ్లము మిక్కుటముగా నున్నది. మొక్కజొన్నలోను అది హెచ్చే. ఈ ల్యూసిన్ శరీరము నియాసిన్‌ను ఉపయోగించుకొను తీరును చెరచుచున్నదని వారి వాదము. తరువాత కుక్కలపై చేసిన ప్రయోగములు ఈ వాదమును బలపరచినవి. ల్యూసిన్ తక్కువగా నుండు జొన్న వంగడములకై అన్వేషణ జరిగినది. విటమిను బి6 లోపమునకు ఇందులో గల పాత్రను గూర్చి అదే సంస్థలో కమలా కృష్ణస్వామి మొదలగువారు పరిశోధించిరి. ఇతర దేశపు ప్రయోగశాలలలో కొన్ని ల్యూసిన్ ప్రభావమును ధ్రువపరచలేకపోయినవి. ఈ చర్చ పూర్తిగా తీరలేదు. శాస్త్రము ఇట్లే నడచును. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానమును పదుగురు పరీక్షింతురు, నిలిచినంతమట్టుకే నిలుచును. వ్యాధికి మూలము ఎండలో కాక పేదవాని కంచములో నున్నదను సంగతి మాత్రము చెక్కుచెదరలేదు.

మరి మచ్చలు ఎండ తగిలిన చోటనే ఏల వచ్చును? ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మకణముల లోపలి డి.ఎన్.ఏ.ను గాయపరచును. ఆరోగ్యవంతుని చర్మము ఆ గాయములను వెంటవెంటనే సరిచేసికొనును. ఆ మరమ్మతుకు కావలసిన ఎన్.ఏ.డి. అను పదార్థము నియాసిన్‌నుండియే తయారగును. విటమిను లేనిచో మరమ్మతు జరుగదు. ఎండ నేరస్థుడు కాడు. లోటును బయటపెట్టిన సాక్షి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన తరువాత పేదల ఇండ్లలో వరి అన్నము పెరిగినది. ఆహారములో వైవిధ్యమును కొంత హెచ్చినది. తెలంగాణమున పెల్లగ్రా అరుదైనది. ఇపుడు మద్యమునకు బానిసలై అన్నము మానినవారిలోను, క్షయకు ఐసోనియజిడ్ వాడు కొందరిలోను అప్పుడప్పుడు కనబడును. ఇంత చెప్పినందున జొన్నను దోషిగా నెంచరాదు. అది ఎండమీది నిందను తీసి జొన్నమీద వేయుటయే యగును. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది; జొన్న మంచి ధాన్యమే. జొన్న ఒక్కటియే తిని, పప్పు, పాలు, పల్లీలు, ఆకుకూరలు నోచుకొనని దారిద్ర్యమే దోషి.

నివారణ మార్గములు

ఎండకు దోషమే లేదని దీని భావము కాదు. మధ్యాహ్నపుటెండ చర్మమును కమలించును, వడదెబ్బ కొట్టును. పదకొండు గంటలనుండి మూడు గంటల వరకు నీడపట్టున నుండుట, తలపాగ, గొడుగు, పూర్తిచేతుల నూలుబట్టలు వాడుట ఎల్లరకు మేలు. పై చరిత్ర నేర్పిన జాగ్రత్తలు మరికొన్ని కలవు.

చెమటను ఆరనీయవలెను. వదులైన నూలుబట్టలు తొడిగి, గాలి తగులునట్లు కూర్చుండవలెను. చన్నీటి స్నానము దినమునకు రెండు మారులు చేసి ఒడలు పొడిగా తుడుచుకొనవలెను. చెమటకాయలపై దట్టముగా పొడి మెత్తుట, నూనె రుద్దుట రంధ్రములను ఇంకను మూయును. పసిపిల్లలను వేసవిలో బిగుతుగా చుట్టరాదు. చెమటకాయలు విస్తారముగా వచ్చినవారు రెండు మూడు వారములపాటు ఎండలో కష్టమైన పని, ఆటల పోటీలు మానుట మంచిది. పొక్కులను గీరరాదు, పిల్లల గోళ్ళు కత్తిరింపవలెను.

తువాలు, లోదుస్తులు ఎవరివి వారే వాడవలెను. ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఇచ్చట ఎండ మనకు మిత్రుడు. తామర వచ్చినచో దుకాణములో అడిగి తెచ్చిన లేపనము పూయక, వైద్యుని చూడవలెను. దురద తగ్గినంతనే మందు ఆపక, ఆయన చెప్పినన్ని దినములు వాడవలెను. ఇంటిలో మరెవరికైన నున్నచో అందరికిని ఒకేమారు చికిత్స జరుగవలెను.

కొన్ని జాగ్రత్తలు వ్యక్తి చేతిలో లేవు. 1948 నాటి ఫాక్టరీల చట్టము పనిచోట గాలి వెలుతురు, త్రాగునీరు, కడుగుకొనుటకు వసతి, తడిబట్టలు ఆరవేసికొను ఏర్పాటు ఉండవలెనని నిర్దేశించినది. ఇవి కార్మికుని చర్మమును కాపాడు ఔషధములే. నాచారమున కార్మిక రాజ్యబీమా ఆసుపత్రి యున్నది. అచ్చటికి రావలసిన రోగులు తగ్గవలెనన్నచో పని రేకుల కప్పుక్రిందనే మొదలుకావలెను. పాఠశాలలోను అంతే. వేసవి మాసములలో మెడకు బిగించు టై, మందమైన మేజోళ్ళు, కృత్రిమ నూలు దుస్తులు తప్పనిసరి చేయకుండుట ఉపాధ్యాయులు, యాజమాన్యములు చేయదగిన పని. మధ్యాహ్న భోజనమున పప్పు, ఆకుకూర, గ్రుడ్డు ఉండునట్లు చూచుటయు చర్మరక్షణలో భాగమే.

వేసవి సెలవులకు ముందు ఉపాధ్యాయులు విద్యార్థులకు ఒక పని ఒప్పగింపవచ్చును. తమ ఇంటిలో చర్మవ్యాధులకు చెప్పుకొను కారణములను వ్రాసికొని వచ్చి, ఒక్కొక్కదానిని "ఇది ఎట్లు తెలిసినది, ఎట్లు పరీక్షింపవచ్చును" అని తరగతిలో చర్చింపవలెను. ఉప్పల్, నాచారముల ఎండ ప్రతి సంవత్సరమును వచ్చును; దానిని ఆపుటకు వీలులేదు. నిలిచిపోయిన చెమటను, పంచుకొన్న తువాలును, తోచినట్లు పూసిన లేపనమును, కంచములోని లోటును ఆపవచ్చును.